వేలెత్తితే వినపడినట్టు

ఇంట్లో టీవీ సౌండు గురించి గొడవలు మొదలయ్యేదాకా నా చెవుల సంగతి నాకు తెలియనే తెలియదని చాలాకాలం అందరికీ చెప్పాను. అది అబద్ధం. నాకు తెలుసు. ఒక ఆదివారం మా ఆవిడ పొయ్యి మీద కుక్కరు పెట్టి, మూడు కూతలు రాగానే దించమని చెప్పి పక్క వాటాలోకి వెళ్ళింది. ముందు గదిలో పేపరు పట్టుకుని కూర్చున్న నాకు ఒక్క కూత వినిపించింది. ఇంకా రెండు రావాలి కదా అని కూర్చునే ఉన్నాను. ఆమె పరుగున వచ్చి పొయ్యి ఆపేసి, గోడ అవతల నుంచి తాను ఏడు లెక్కపెట్టానంది. పేపర్లో మునిగిపోయానని చెప్పాను. నేను పేపర్లో మునిగే మనిషిని కానని ఆమెకు తెలుసు. అయినా నమ్మినట్టే ఊరుకుంది.

తొంభైల మొదట్లో కృష్ణా జిల్లా నుంచి ఐటీఐ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చి, మేడ్చల్‌లో ట్రాక్టర్లకు రేకు భాగాలు చేసే ఫ్యాక్టరీలో చేరాను. కాపురం మచ్చ బొల్లారంలో, రెండు గదుల వాటాలో. నన్ను వేసింది ప్రెస్ షాపులో. పొడవాటి షెడ్డు, అందులో రెండు వరుసల ప్రెస్సులు. రేకు ముక్కను అచ్చు కింద పెట్టి, రెండు చేతులతో రెండు మీటలు నొక్కితే పైనుంచి ఇనుప దిమ్మ దిగి రేకును కోస్తుంది, వంచుతుంది. ఆ అచ్చును డై అంటాం. మొదటి రోజు లోపలికి అడుగుపెట్టగానే ఛాతీ మీద ఎవరో గుద్దినట్టయింది. చెవులతో కాదు, పళ్ళతో వినే చప్పుడు అది. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం తింటుంటే అప్పడం నమిలిన చప్పుడు నాకే వినపడలేదు. భయం వేసింది. పొద్దున్న లేచేసరికి చెవులు తేరుకున్నాయి. రోజూ ఇలాగే తేరుకుంటాయిలే అనుకున్నాను.

చప్పుడు ఒక్కటే అయితే ఎవడైనా పడతాడు. షెడ్డు చివర ఒక నల్లబోర్డు ఉండేది. ఏ ప్రెస్సు మీద ఎన్ని ముక్కలు వచ్చాయో సూపర్‌వైజర్ గంటగంటకూ దాని మీద సుద్దముక్కతో రాసేవాడు. వెనకబడినవాడి అంకె చుట్టూ ఒక సున్నా చుట్టేవాడు. నోటితో ఏమీ అనేవాడు కాదు, అన్నా ఆ మోతలో ఎవరికీ వినపడదు. ఆ సున్నా చాలు. బోర్డు వంక చూడాలి, వేళ్ళ వంకా చూడాలి, ఉన్నవి రెండే కళ్ళు. మా షాపులో పాతవాళ్ళలో ఇద్దరికి వేళ్ళు తక్కువ. వాళ్ళ చేతుల వైపు చూడకుండా ఉండటం కొత్తవాళ్ళు నేర్చుకునే మొదటి పని. ఇంటికొచ్చాక వంటింట్లో మూత జారిపడితే నేను కంచంలోంచి చెయ్యి లాక్కునేవాణ్ణి, ఆ తర్వాత మా ఆవిడ మీద అరిచేవాణ్ణి. పొద్దస్తమానం ఇనుము మోత వినేవాడికి గిన్నె మూత ఒక లెక్కా అని ఆమె అడిగేది. న్యాయమైన ప్రశ్నే. అందుకే ఇంకాస్త అరిచేవాణ్ణి.

నా పక్క ప్రెస్సు మీద పనిచేసే ఆయన షామీర్‌పేట దగ్గర పల్లెవాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను అన్నా అనేవాణ్ణి, ఆయన నన్ను తమ్మీ అనేవాడు. గుబురు మీసం, తలకు ఎప్పుడూ ఒక తువ్వాలు. టిఫిన్ డబ్బాలో జొన్నరొట్టె, పచ్చిమిరపకాయల తొక్కు తెచ్చేవాడు. మా ఇంటి గోంగూర పచ్చడి మొదటిసారి తిని, మీవాళ్ళు కారానికి భయపడతారని మొహం మీదే చెప్పాడు. నాకు ప్రెస్సు పని నేర్పింది ఆయనే. మొదటి వారంలో నేను కంపెనీ ఇచ్చిన పసుపుపచ్చ స్పాంజి బిరడాలు చెవుల్లో పెట్టుకోబోతే ఆపి, టీ టైములో షెడ్డు బయటికి తీసుకెళ్ళాడు.

"డై పలిగే ముందుగాల సప్పుడే చెప్తది తమ్మీ. చెవులు మూసుకున్నోనికి అది ఇనవడది. గప్పుడు పలిగిన తునక వచ్చి మొకాన కొడ్తది" అన్నాడు.

అది నిజమే. డై అంచు చెడబోయే ముందు దెబ్బ చివర సన్నటి గీరుడు ఒకటి వినిపిస్తుంది. దాన్ని పట్టుకోగలిగినవాడే పనివాడు, మిగిలినవాడు వట్టి మీటలు నొక్కేవాడు. అందుకని మేమందరం చెవులు తెరుచుకునే పనిచేశాం. ఏ చెవితో ఆ సన్నటి గీరుడు వినాలో ఆ చెవినే తీసుకెళ్ళి ఆ మోతకు అప్పగించాం. ఇందులోని తెలివితక్కువతనం అన్నేళ్ళలో మాలో ఒక్కడికీ తట్టలేదు. బిరడాలను ఇంటికి పట్టుకెళ్తే మా పాప వాటితో బొమ్మలకు టోపీలు చేసింది.

లోపల మాటలు సాగవు కాబట్టి ప్రెస్ షాపు చేతులతో మాట్లాడేది. నుదుటి మీద అడ్డంగా వేలు గీస్తే సూపర్‌వైజర్ వస్తున్నాడని, ఆయన రోజూ విభూతి పెట్టుకుని వచ్చేవాడు. పిడికిలితో అరచేతిలో కొడితే డై చెడుతోందని. పొట్ట మీద చెయ్యి తిప్పి మొహం ముడిస్తే క్యాంటీన్‌లో మళ్ళీ ఉప్మాయే అని. చిటికెన వేలు ఎత్తితే పిల్లలు. రోజూ ప్రెస్సు మొదలుపెట్టే ముందు పక్క ప్రెస్సు అన్న నా వైపు తిరిగి చిటికెన వేలు ఎత్తేవాడు, మా పాప ఎలా ఉందని. నేనూ చేతులతోనే చెప్పేవాణ్ణి. జ్వరం తగ్గింది, బడికి వెళ్ళింది, పన్ను ఊడింది. పన్ను సంగతి చెప్పడానికి నా పన్ను పట్టుకుని లాగి చూపిస్తే, నాకే పన్నునొప్పి అనుకుని మర్నాడు లవంగాలు పొట్లం కట్టి తెచ్చాడు. ఇంట్లో చెప్పనివి, నోటితో చెప్పాల్సి వస్తే సిగ్గుపడి ఊరుకునేవి, ఎన్నో ఆయనతో చేతులతో చెప్పుకున్నాను. పన్నెండేళ్ళు అలా గడిచాయి. నాకు అంతకంటే దగ్గరి మనిషి అంతకుముందూ లేడు, ఆ తర్వాతా లేడు.

బయట మాత్రం మాటలు ఒక్కొక్కటే జారిపోతూ వచ్చాయి. మగవాళ్ళ మాటలు సగమైనా అందేవి, ఆడవాళ్ళవీ పిల్లలవీ అందేవి కావు. చెవిలో ఒక కీచురాయి కాపురం పెట్టింది, దానికి ఆదివారాలు కూడా సెలవు లేదు. మా ఆవిడ ఏదైనా అడిగితే ఊ అనేవాణ్ణి. ఆ ఊ దేనికి చెప్పానో నాకే తెలిసేది కాదు. అలాగే ఒకసారి మా బావమరిది గృహప్రవేశానికి మీరు రారా అని అడిగితే ఊ అనేశానట. పెళ్ళిళ్ళలో అందరూ నవ్వినప్పుడు నేనూ నవ్వేవాణ్ణి, కాస్త ఆలస్యంగా. పొగరనుకున్నవాళ్ళు కొందరు, తాగుడు మొదలుపెట్టానేమో అనుకున్నవాళ్ళు కొందరు. పాప బడి నుంచి రాగానే నా పక్కన కూర్చుని ఆ రోజు కబుర్లన్నీ చెప్పేది. మళ్ళీ చెప్పమ్మా, మళ్ళీ చెప్పమ్మా అని అడిగి అడిగి విసిగించాను. కొన్నాళ్ళకు తిన్నగా వంటింట్లోకి వెళ్ళి వాళ్ళమ్మతో చెప్పుకోవడం మొదలుపెట్టింది. ముందు గదిలోంచి చూస్తే వాళ్ళిద్దరి పెదవులు కదలడం కనిపించేది. పిలిస్తే వెళ్ళేవాణ్ణే. పిలిచారో లేదో కూడా నాకు తెలియదు.

రెండువేల తర్వాత ఒక ఏడాది, మా సరుకు కొనే పెద్ద కంపెనీవాళ్ళు తనిఖీకి వచ్చి, ప్రెస్ షాపులో అందరికీ చెవుల పరీక్ష చేయించాలని పట్టుబట్టారు. ఆ కబురుతో పాటే ఇంకో కబురూ వచ్చింది. సూరారం వైపు ఏదో ఫ్యాక్టరీలో పరీక్షలో తప్పినవాళ్ళను ప్రెస్సుల మీంచి దించేసి తుక్కు యార్డులో పడేశారని. యార్డు అంటే ఎండలో కోత ముక్కల గంపలు మోసి లారీలకు ఎత్తడం. ప్రెస్సు దిగినవాడంటే ఇక పనికిరానివాడని లెక్క. పరీక్ష మా చెవులను కాపాడటానికేమో అని మాలో ఒక్కరూ అనుకోలేదు. మమ్మల్ని పట్టుకోవడానికి వచ్చిందనే అనుకున్నాం.

పరీక్ష ఒక వ్యాన్‌లో. లోపల అద్దం బిగించిన చిన్న గది. అందులో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చోవాలి. అద్దానికి ఇవతల బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చుని మీట నొక్కుతుంది, చెవిలో కూత వస్తుంది, వినపడితే వేలెత్తాలి. అంతే. ఉక్కగా ఉందని ఆ అమ్మాయి తన వెనక తలుపు తెరిచి పెట్టుకుంది. తలుపు దగ్గర మెట్టు మీద నిలబడినవాడికి ఆమె చెయ్యి కనిపిస్తుంది. గదిలో కూర్చున్నవాడికి ఆమె భుజం మీదుగా మెట్టు మీదివాడు కనిపిస్తాడు. ఇది కనిపెట్టింది పక్క ప్రెస్సు అన్నే.

వరుసలో నేను ముందు, ఆయన నా వెనక. నేను లోపల ఉన్నప్పుడు ఆయన మెట్టు మీద ఉంటాడు. ఆమె మీట నొక్కినప్పుడల్లా మీసం దువ్వుకుంటాడు, నేను వేలెత్తుతాను. బూట్లు విప్పి లోపలికి వెళ్ళాలి కాబట్టి, ఆయన వంతు వచ్చినప్పుడు నేను మెట్టు మీద కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అదే పని చెయ్యాలి. నాకు మీసం లేదు. నా గుర్తు చొక్కా కాలరు సర్దుకోవడం. ఇదంతా రెండు రోజుల ముందే ప్రెస్సుల మధ్య నిలబడి చేతులతో మాట్లాడుకున్నాం.

నా పరీక్ష బ్రహ్మాండంగా జరిగింది. హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే నాకు వినిపించింది నా కీచురాయి ఒక్కటే. ఆయన మీసం దువ్వాడు, నేను వేలెత్తాను. దువ్వాడు, ఎత్తాను. మధ్యలో ఒకసారి నిజంగానే ఏదో కూత వినిపించినట్టయింది, కానీ ఆయన చెయ్యి మీసం మీదికి పోలేదు. ఎత్తాలా వద్దా అని కాసేపు కొట్టుమిట్టాడి, నా చెవిని కాదని ఆయన మీసాన్నే నమ్మాను. బయటికి రాగానే ఆ అమ్మాయి, ఈ షాపులో ఇంత మంచి చెవులు చూడలేదంది. ఆ మాట ఆమె పెదవులు చూసి అర్థం చేసుకున్నాను.

తర్వాత ఆయన లోపలికి వెళ్ళి కూర్చున్నాడు. నేను మెట్టు మీద చేరి ఎడమ బూటు అందుకున్నాను. మొదటి కూతకు కాలరు సర్దుకున్నాను, ఆయన వేలెత్తాడు. రెండోదానికీ అంతే. మూడోసారి నా చెయ్యి కాలరు మీద ఉండగా ఆ అమ్మాయి చటుక్కున వెనక్కి తిరిగింది. నన్ను చూసింది, నా చేతినీ చూసింది. మీది అయిపోయింది కదా అంకుల్, ఇంకా ఇక్కడే ఉన్నారేంటి అని అడిగింది. గద్దించలేదు, ఊరికే అడిగింది. నేను చెయ్యి తీసి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. నన్ను మళ్ళీ లోపల కూర్చోబెడుతుందేమో, నా గుట్టు బయటపడుతుందేమో, అప్పుడు నా బుర్రలో ఉన్నది అదొక్కటే. ఆమె మళ్ళీ అటు తిరిగి మీట నొక్కింది. ఇప్పుడు ఆమె నన్ను చూడటం లేదు. చెయ్యి తియ్యొచ్చు. తియ్యలేదు.

ఆయన నా కాలరు వైపు చూశాడు. తర్వాత నా జేబు వైపు చూశాడు. ఊహించి రెండు మూడుసార్లు వేలెత్తాడు. ఆ తర్వాత రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అద్దంలోంచి నన్నే చూస్తూ కూర్చున్నాడు. నేను బూటు తాడు కట్టుకున్నాను. ఒక తాడు కట్టడానికి మనిషికి ఎంతసేపు పడుతుందో అంతసేపే పట్టింది.

వారం తిరక్కుండా ఆయన్ని యార్డుకు మార్చారు. వెళ్ళే ముందు తువ్వాలు, నీళ్ళ సీసా తీసుకుని నా ప్రెస్సు దగ్గరికి వచ్చి భుజం తట్టాడు. బయటికి తీసుకెళ్ళి నా మొహానికి దగ్గరగా నిలబడి, గట్టిగా చెప్పాడు.

"నాకేం పరేషాన్ లేదు తమ్మీ. ఆడ సప్పుడు లేదు, చెట్టు కింద సల్లగుంటది. నువ్వు వేళ్ళు జర పైలం."

యార్డులో చెట్టు లేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. జేబు సంగతి ఆ క్షణంలోనే చెప్పాల్సింది. తలూపి లోపలికి వచ్చేశాను.

మర్నాటి నుంచి నా పక్కన కొత్త మనిషి. అతనికి చేతుల భాష రాదు, నేర్పే ఓపిక నాకు లేదు. అలవాటు కొద్దీ పొద్దున్నే అటు తిరిగేవాణ్ణి. చిటికెన వేలు ఎత్తేవాళ్ళు లేరు. భోజనానికి మేం రెండు విడతలుగా వెళ్ళేవాళ్ళం. యార్డువాళ్ళది మొదటి విడత అని తెలిసి నేను రెండోదానికి మార్పించుకున్నాను. అయినా క్యాంటీన్ కిటికీలోంచి యార్డు కనిపించేది. ఆయన గంప దించి, నడుం మీద చెయ్యి వేసుకుని మా షెడ్డు వైపు చూస్తూ నిలబడేవాడు. ఇక కిటికీకి వీపు పెట్టి తినడం నేర్చుకున్నాను. నేను అంత పిరికివాణ్ణని నాకు అంతకుముందు తెలియదు. చుట్టూ రెండొందల మంది తింటున్న హాల్లో నా అంత ఒంటరివాడు లేడనిపించేది, అయితే ఆ ఒంటరితనం నేను చేతులారా తెచ్చుకున్నదే. రెండేళ్ళకు ఆయన పని మానేశాడని ఎవరో చెప్పారు. ఆ రోజు బోర్డు మీద నా అంకె చుట్టూ సున్నా పడింది.

వ్యాన్ ఏటా వస్తూనే ఉంది. నాకు ఇంకెవరి మీసంతోనూ పని పడలేదు, మీట నొక్కేటప్పుడు ఆ మనిషి భుజం కదలడం కనిపెట్టి వేలెత్తడం వచ్చేసింది. చెవులు బాగున్నాయని ఏటా ఒక కాగితం ఇచ్చేవారు. ఇంట్లో టీవీ గొడవ వచ్చినప్పుడల్లా బీరువాలోంచి ఆ కాగితాలు తీసి మా ఆవిడకు చూపించేవాణ్ణి. ఒకసారి ఆమె వాటిని చాలాసేపు చూసి మడిచి నా చేతిలో పెట్టింది.

"అయితే నా మాట మీకు వినపడక కాదన్నమాట. వినాలని లేక" అంది.

ఆ మాట మాత్రం నాకు స్పష్టంగా వినిపించింది. కాగితం అబద్ధమని ఒప్పుకుంటే ఆ మెట్టు మీద జరిగింది కూడా ఒప్పుకోవాలి. ఒప్పుకోలేదు. అప్పటినుంచి ఆమె నాతో అవసరమైనవి తప్ప మాట్లాడటం మానేసింది. ఒకే ఇంట్లో, పక్కపక్క కంచాల దగ్గర, అన్నేళ్ళు. ఆమెకు నిజం చెప్పగలిగింది నేను షామీర్‌పేట వెళ్ళొచ్చిన రోజు సాయంత్రమే.

అప్పటికి మా ఫ్యాక్టరీ మూతపడి, ప్రెస్సులను లారీల మీద ఎక్కడికో తరలించారు. పాప చదువు ముగించి తుర్కపల్లిలో మందుల ల్యాబులో చేరింది. పొద్దున్నే కంపెనీ క్యాబు సందు చివర ఆగేది. ఒకరోజు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఏదో చెప్పింది. నేను ఊ అన్నాను. తను నా మొహం చూసి, ఇంకేమీ అనకుండా, వెళ్ళొస్తానని చేత్తో చెప్పింది. ఎన్నో ఏళ్ళ తర్వాత ఒకరు నాతో చేత్తో మాట్లాడారు. ఆ పూటే బస్సెక్కాను.

షామీర్‌పేట దాటాక వాళ్ళ పల్లె దాకా దారికి రెండు వైపులా ప్లాట్ల రాళ్ళు పాతి ఉన్నాయి. ఆయన ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాడు. మీసం తెల్లబడింది. నన్ను చూడగానే లేవలేదు, పలకరించలేదు, చిటికెన వేలు ఎత్తాడు. పాప పెద్దదైందని, ఉద్యోగం చేస్తోందని, కారులో వెళ్తుందని చేతులతో చెప్పాను. ఆయన స్టీరింగు తిప్పినట్టు తిప్పి, తనే నడుపుతుందా అని కనుబొమలు ఎగరేశాడు. కాదని చెప్పాను. నవ్వాడు. నేనూ నవ్వాను, ఆయనతో పాటే, ఆలస్యం లేకుండా.

ఆయన భార్య చాయ్ తెచ్చి, నా దగ్గరికి వంగి చెప్పింది, ఆయనకు ఇప్పుడు బొత్తిగా వినపడదని, డప్పు కొట్టినా తల తిప్పడని. ఆమె లోపలికి వెళ్ళాక నేను కప్పు పక్కన పెట్టాను. చెప్పాల్సింది నోటితోనే చెప్పాలనుకుని వచ్చాను. మా చేతుల భాషలో డైకి గుర్తు ఉంది, ఉప్మాకు గుర్తు ఉంది, తప్పు చేశాను అనడానికి గుర్తు లేదు.

"అన్నా, ఆ రోజు నీకు కావాలనే అన్యాయం చేశాను. భయపడ్డాను" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియదు. ఆయన నా పెదవులు చూసి, చెవి చూపించి, అరచెయ్యి అడ్డంగా ఊపాడు.

ఇక ఏం చెయ్యాలో తోచక అరుగు మీంచి లేచి ఆయన ఎదురుగా నిలబడ్డాను. కుడి చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకున్నాను. ఆయన చింతపండు వదిలేశాడు. నా జేబు వైపు చూశాడు, అప్పుడు చూసినట్టే. నేను చెయ్యి బయటికి తీశాను. ఆ చేతితో నా చొక్కా కాలరు సర్దుకున్నాను.

ఆయన చింతపండు అంటిన చూపుడు వేలు పైకెత్తాడు.